తుడిచేసిన తేదీలు

పాస్టరు క్వార్టర్సు,
ఫిబ్రవరి 3, సోమవారం

ఒరే చిన్నోడా,

పార్సిలు చూసి కంగారుపడకు. అందులో ఉన్నది మీ బావ బైబిలు. నిన్న ప్రసంగం మంచి ఊపులో ఉండగా దాని నడుం విరిగి నాలుగు కాగితాలు జారి కిందపడ్డాయి. ముందు వరసలో కూర్చునే పెద్దాయన వంగి ఏరిచ్చాడు. సంఘమంతా నవ్వాపుకోలేక దగ్గింది. మీ బావకి మాత్రం నవ్వు రాలేదు, ఎప్పుడొచ్చింది గనక. ఇంకో బైబిలు ఆయన చేతికి అలవాటు కాదు. తొందరగా కుట్టి పంపు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఇక్కడ ఫోనున్నది ముందు హాల్లో. ఆ హాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ప్రార్థన కోసమో, ఉత్తరం మీద సంతకం కోసమో కూర్చునుంటారు. పైగా ఫోనెత్తితే నాకు ఏడుపొస్తుంది, కాగితం పట్టుకుంటే కోపమొస్తుంది. రెండిట్లో కోపమే నయం.

సంగతేంటంటే, పెళ్ళి కుదిరిన అమ్మాయిలకు శనివారాలు నేను క్లాసు చెప్తాను కదా. ఈసారి సంఘపెద్దలు పరమగీతం, అదే బైబిల్లోని ప్రేమపాటల పుస్తకం, చెప్పమన్నారు. "క్రీస్తుకీ సంఘానికీ మధ్య ప్రేమ అని చెప్తే చాలమ్మగారూ, లోతుకి పోవద్దు" అని హెచ్చరిక కూడా. లోతుకి పోకుండా ఈతెలా నేర్పుతార్రా? సరే, వరుడు క్రీస్తు, వధువు సంఘం అని మొదలుపెట్టాను. అయిదుగురు పిల్లలున్నారు. అందులో కుట్టుమిషను పెట్టుకున్న పిల్లొకత్తి ఉంది, నోటికి కుట్టు లేదు దానికి. "అమ్మగారూ, ఇందులో ఆయన ఆవిడ జుట్టు, పళ్ళు, మెడ ఒక్కోటీ చూసి పొగుడుతున్నాడు కదా. దేవుడు మన మెడ చూస్తాడాండీ? లేకపోతే మనాయన చూడాలని దేవుడే రాయించాడా?" అంది. అదక్కడితో ఆగిందా? "పాస్టరుగారు మిమ్మల్నెప్పుడైనా ఇలా అన్నారాండీ?" అంది. అందరూ నోళ్ళకి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. నేనూ నవ్వి, టైమైంది, ప్రార్థన చేసుకుందాం అన్నాను. ప్రార్థనని గొడుగులా అడ్డం పెట్టుకోవడం నా జన్మలో అదే మొదటిసారి.

ఇంటికొచ్చి మీ బావని అడిగాను. పొగడమని కాదు. ఆ పిల్లకి ఏం జవాబు చెప్పమంటారు అని. ఆయన నోట్సులోంచి తలెత్తకుండా "ఆదివారం అవనీ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. ఆదివారం అయ్యింది. ఇవాళ సోమవారం, ఎవరికో ఒంట్లో బాగోలేదని వెళ్ళారు.

మీ ముందుగది ఇంకా ఖాళీగానే ఉందా? ఊరికే అడుగుతున్నాను.

అక్క


బైండింగు షాపు,
ఫిబ్రవరి 14

అక్కా,

పార్సిలందింది. బావ బైబిలు విప్పాను. ఎవరు కట్టారో గానీ మహానుభావుడు, పుస్తకానికి కాదు, గోడకి పూసినట్టు పూశాడు జిగురు. పొరలుపొరలుగా గీకేసరికి నా వేళ్ళు నావి కావనిపించింది.

నీకో సంగతి తెలుసా, మాకు పుస్తకం చదవక్కర్లేదు, అంచు చూస్తే చాలు, దాని యజమాని ఎక్కడ కూర్చుని ఎక్కడ లేచాడో తెలిసిపోతుంది. కీర్తనలు చేతి మురికికి నల్లగా ఉంటాయి. సువార్తలు నల్లగా ఉంటాయి. నువ్వు చెప్పిన ఆ ప్రేమపాటల ఫారం మాత్రం నేను చూసిన ప్రతి బైబిల్లోనూ ప్రెస్సులోంచి నిన్ననే వచ్చినట్టు తెల్లగా ఉంటుంది. ఫారమంటే పదహారు పేజీల మడత, నీకు ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతావు. మరి బావ పుస్తకంలో ఆ ఫారం ఎలా ఉందంటావా? చెప్పను. డాక్టరు రోగి సంగతి బయటపెట్టడు, బైండరు పుస్తకం సంగతి బయటపెట్టడు. మా గురువుగారి మొదటి పాఠం.

పని బాగా చేశాను, దిష్టి తియ్యాలి. ప్రతి పేజీ రబ్బరుతో తుడిచి పెన్సిలు గీతలన్నీ పోగొట్టాను, పసిపాప నుదురులా ఉంది. ఇక కుట్టడం, అట్ట వెయ్యడమే మిగిలింది. నల్లతోలు వెయ్యనా, గోధుమరంగా?

నీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. మెడ దగ్గరికొచ్చేసరికి ఆగి, నేనూ ఆవిడ మెడకేసి చూసి ఒక మాట అన్నాను. "మెడ సంగతి సరే, కూరలేవి?" అంది. మర్చిపోయానక్కా. మళ్ళీ బజారుకి పోయాను. కానీ వెనక నుంచి నవ్వు వినిపించింది, అబద్ధమెందుకు.

ముందుగది ఖాళీయే. ఊరికే అడిగేదానివి కాదు నువ్వు. ఏమైంది?

తమ్ముడు


పాస్టరు క్వార్టర్సు,
మార్చి 9

చిన్నోడా,

గోధుమరంగు వెయ్యి. ఏ రంగైతే నాకేంలే, ఆ పుస్తకం ఇక నేను తుడిచి బల్లమీద పెట్టేది లేదు.

సూటిగా రాసేస్తాను. ఆడపిల్లల హాస్టల్లో వార్డెను ఉద్యోగానికి అప్లికేషను పెట్టాను, వచ్చింది. జూన్ ఒకటిన చేరాలి. దానికి ముందు రెండు వారాలు మీ ముందుగదిలో ఉంటాను. మరదలికి ఇబ్బందైతే ఇప్పుడే చెప్పు, మొహమాటపడకు.

నీ బుర్రలో ఏం తిరుగుతోందో నాకు తెలుసు. ఆయన తాగుతారా, కొడతారా, ఇంకొకరున్నారా? ఏమీ లేవు. ఊళ్ళో ఎవర్నడిగినా దేవుడులాంటి మనిషంటారు. నాకూ అదే చిక్కు. దేవుడులాంటి మనిషి అందరింట్లో ఉంటారు, మా ఇంట్లో తప్ప. ఇరవయ్యారేళ్ళుగా నేను ఆ గది తలుపు దగ్గరికెళ్ళి ఏమండీ అంటాను. లోపల్నుంచి "తర్వాత" అని వినిపిస్తుంది. కసురుకున్నట్టు కాదు, మెత్తగానే. మెత్తటి మాటతోనే మనిషిని ఇన్నేళ్ళు బయట నిలబెట్టొచ్చని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది.

అమ్మని పూడ్చిన రోజు గుర్తుందా? నువ్వు సమాధి దగ్గర తాపీవాళ్ళతో ఉన్నావు. నేను ఈయన చెయ్యి పట్టుకుని, కాసేపు నాతో కూర్చోండి అన్నాను. పెద్దల మీటింగుంది, అయ్యాక వస్తానన్నారు. పరాయివాళ్ళ చావుకి మూడు రోజులు కూర్చునే మనిషి. ఇలాంటివి ఎన్నని రాయను. ఒక రోజు సంగతైతే నీకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడూ రాయను, చెయ్యి రాదు.

ఆ మిషను పిల్ల ప్రశ్న నన్ను నిలవనివ్వడం లేదురా. పెళ్ళిళ్ళలో మీ పాస్టరుగారు ఏం చెప్తారో నాకు కంఠతా వచ్చు. భార్యాభర్తల్ని చూస్తే లోకానికి క్రీస్తు, సంఘం కనబడాలి అంటారు. అయితే మమ్మల్ని చూస్తే ఏం కనబడుతుంది? క్రీస్తు గదిలో రాసుకుంటున్నాడు, సంఘం బయట నిలబడి టీ చల్లారిపోతోందంటోంది. ఆ పిల్లకి నేనేం మొహం పెట్టుకుని పాఠం చెప్పను? ఇంకో విచిత్రం విను. ఈ ఇరవయ్యారేళ్ళలో ఆయన ఆ పుస్తకం మీద ఒక్క ప్రసంగం చెయ్యలేదు. ఒక్కటంటే ఒక్కటి. లెక్కలూ వంశావళులూ కూడా వదలని మనిషి, దాన్ని మాత్రం దాటేసి పోతారు. మొన్న తేలింది నాకు, ఆయనకా పుస్తకంతో పనే లేదు.

వెళ్తున్నానని చెప్పేశాను. పెన్ను కింద పెట్టి నాకేసి చూశారు. "ఈస్టరు కానీ, తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. నవ్వొచ్చింది నాకు, నిజంగానే వచ్చింది.

అక్క


బైండింగు షాపు,
మార్చి 16

అక్కా,

గది సిద్ధం చేస్తున్నాం. మీ మరదలు పరుపు ఎండలో వేసింది. ఇబ్బందేమిటి, ఆ మాటకి నిన్ను కొట్టాలి.

కానీ నేనొక తప్పు చేశాను. నీ ఉత్తరం చదివాక గానీ అది తప్పని తెలీలేదు. తిన్నగా చెప్తాను, మధ్యలో చింపెయ్యకు.

బావ బైబిలు నడుం విరిగింది సరిగ్గా ఆ ప్రేమపాటల దగ్గర. మిగతా పుస్తకం కంటే ఆ ఫారం నల్లగా ఉంది. మూలలు మెత్తబడి గుడ్డల్లా అయిపోయాయి. నా చేతులమీదుగా పోయిన బైబిళ్ళన్నిట్లో అలాంటిది ఒక్కటీ లేదు. అది నీకు చెప్పకుండా వృత్తిధర్మం అని పోజు కొట్టాను. ఇది మొదటి తప్పు, చిన్నది.

రెండోది. ఆ ఫారంలో ఒకచోట, అంచున పెన్సిలుతో సన్నగా తేదీలున్నాయి. ఒకదాని కింద ఒకటి, ఏడో ఎనిమిదో. పాస్టర్లందరూ అలా రాసుకుంటారు, ఏ వాక్యం మీద ఏ రోజు ప్రసంగించారో గుర్తుండాలని. వందల బైబిళ్ళలో చూశాను. ఇవీ అవేలే అనుకుని, నోట్లో పాట, చేతిలో రబ్బరు, తుడుచుకుంటూ పోయాను. చివరి తేదీ దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నవంబరు పదకొండు. ఎక్కడో చూశాననిపించింది. ఆలోచించేలోపే చెయ్యి దాని పని అది చేసేసింది. పాడు అలవాటు.

నవంబరు పదకొండు అమ్మని పూడ్చిన రోజు. రాయి మీద చెక్కించింది నేనే కదా. ఆ రోజు బావ ఎక్కడా ప్రసంగం చెయ్యలేదు. అసలా పుస్తకం మీదే ఎప్పుడూ చెయ్యలేదని నువ్వే రాశావు. మరి ఆ తేదీలు ప్రసంగాలవెలా అవుతాయి?

ఏ మాటల పక్కన రాశారో చెప్పనా? నీకు నాకంటే బాగా తెలుసు ఆ చోటు. అమ్మాయి లోపల పడుకుని ఉంటుంది. ప్రియుడొచ్చి తలుపు తడతాడు. స్నానం అయిపోయింది, కాళ్ళు కడుక్కున్నాను, ఇప్పుడెలా లేవను అని ఈవిడ బద్ధకిస్తుంది. తీరా లేచి తలుపు తీసేసరికి అతను ఉండడు. వీధులన్నీ తిరుగుతుంది, కావలివాళ్ళ చేత దెబ్బలు తింటుంది. సరిగ్గా అక్కడే, అక్కా. నువ్వు తట్టిన రోజులు అవి. ఆయన లేవని రోజులు. ఆయన రాసుకున్నారు. నేను తుడిచేశాను.

దీపం కింద పెట్టి, పక్కకి వంచి, భూతద్దంతో చూశాను. ఏమీ కనబడలేదు. నేను పని ఎంత శుభ్రంగా చేస్తానో ఎప్పుడూ గొప్పలు చెప్పుకుంటాను కదా, అనుభవిస్తున్నాను.

తమ్ముడు


హాస్టలు, వార్డెను గది,
జూన్ 15

చిన్నోడా,

మీ ఇంట్లో ఉన్న రెండు వారాలూ ఈ మాట ఎత్తొద్దని నీ దగ్గర ఒట్టేయించుకున్నాను. ఉన్నావు పాపం, బుగ్గలో బెల్లంముక్క పెట్టుకున్నవాడిలా. ఇప్పుడు నేనే ఎత్తుతున్నాను. నీ ఎదురుగా అంటే నీ మొహం చూసి నమ్మేస్తానని భయమేసింది.

నేను నమ్మడం లేదురా. నీ రాయబారాలు నాకు కొత్తా? చిన్నప్పుడు అమ్మా నాన్నా మాట్లాడుకోకపోతే, నాన్న దగ్గరికెళ్ళి అమ్మ మీ కోసం ఏడుస్తోందనేవాడివి, అమ్మ దగ్గరికెళ్ళి నాన్న అన్నం తిననన్నాడనేవాడివి. రెండూ అబద్ధాలే. సాయంత్రానికి వాళ్ళు కలిసిపోయేవారు, నువ్వు గర్వంగా తిరిగేవాడివి. ఇదీ అలాంటిదేగా? తేదీలున్నాయిట, తమరు తుడిచేశారుట, ఒక్కటే గుర్తుందిట, అదీ నేను ఉత్తరంలో రాసిన రోజేనట! ఎంత బాగా కుదిరిందిరా, నీ కుట్టులాగే.

ఇక్కడ నూట పన్నెండు మంది పిల్లలు. నీళ్ళొచ్చే టైము, తాళాలు, జ్వరాలు, పోయిన సబ్బుబిళ్ళలు. పని నాకు పట్టుబడింది. చూడ్డానికొచ్చేవాళ్ళు ఆదివారం పదింటి నుంచి పన్నెండింటి దాకానే రావాలని గేటు మీద బోర్డుంది. వాచ్‌మన్ అరవయ్యేళ్ళ మనిషి, పన్నెండు దాటితే కన్నతండ్రినైనా మెడపట్టి గెంటుతాడు. మీ బావ రెండుసార్లు ఉత్తరం రాశారు, ఏదైనా సోమవారం వచ్చి కలుస్తానని. సోమవారం కుదరదు, ఇక్కడి నియమం ఇదీ అని రాసి పంపాను. ఆదివారం పదింటికి ఆయనెక్కడ ఉంటారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నియమం నేను పెట్టింది కాదు. కానీ ఆ బోర్డు చూసే ఈ ఉద్యోగానికి ఒప్పుకున్నానేమో, నన్ను నేను నమ్మను.

రాసేశాను కదా, ఇక కుదురుగా ఉండాలి. ఉండలేకపోతున్నాను. తాళాలగుత్తి పట్టుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతున్నాను. పిల్లలు నాకు గడియారం అని పేరు పెట్టారని విన్నాను. నువ్వు చెప్పింది అబద్ధమైతే నాకు హాయి. వచ్చిన దారి సరైనదే అని పడుకుంటాను. నిజమైతే ఏం చెయ్యాలి? గోడకి అవతల ఒక మనిషి తనని తాను తిట్టుకుంటూ కూర్చున్నాడనీ, ఇవతల నేనొక్కదాన్నే అనుకుని ఏడ్చాననీ తెలిస్తే, ఆ కోపం ఇంకా ఎక్కువ కదా?

ఎన్ని తేదీలురా? ఏడా, ఎనిమిదా? ఒక్కటైనా గుర్తు తెచ్చుకో. మార్చిలో ఏదైనా ఉందా?

అక్క


బైండింగు షాపు,
జూన్ 25

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇది మాత్రం రాయబారం కాదు, మీ మరదల్ని అడుగు. మార్చి ఉందో లేదో గుర్తులేదు. ఉందని రాస్తే నువ్వు నమ్ముతావని తెలుసు. గుర్తులేదు కాబట్టి రాయను.

నమ్మకపోతే మానెయ్, జరిగింది విను. తేదీలు తుడిచిన బైబిలు ఏ మొహంతో పంపనా అని ఇన్నాళ్ళూ దగ్గరే పెట్టుకున్నాను, ఇక పోస్టులో పంపకుండా నేనే పట్టుకెళ్ళాను. బావ ఒక్కడే ఉన్నాడు. చొక్కా గుండీలు పైదొకటి కిందదొకటి పెట్టుకుని తలుపు తీశాడు. అట్ట చూడలేదు, కుట్టు చూడలేదు, గోధుమరంగు తోలు ఎంత బాగా వచ్చిందో చూడలేదు. తిన్నగా ఆ పేజీ తీశాడు. అంచుమీద వేలు పెట్టి పైనుంచి కిందకి లాగాడు. "తుడిచేశావా?" అన్నాడు. తుడిచేశానన్నాను. "మంచిదే" అని కూలబడ్డాడు. మంచిది కాదని మొహం చెప్తోంది.

నేనడిగాను, ఎందుకు బావా ఆ పుస్తకం మీద ఎప్పుడూ ప్రసంగం చెయ్యలేదూ అని. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "లోపలున్న అమ్మాయి సంఘం, తలుపు తట్టేది ప్రభువు. అలాగే నేర్చుకున్నాను, అలాగే నేర్పాను. అది అబద్ధం కాదు. కానీ మా ఇంట్లో తట్టింది మీ అక్క. లేవనిది నేను. ప్రభువే ఆ మనిషి చేతితో తడుతున్నాడేమోనని ఒక్కోసారి భయమేసేది. ఆ మాట పుల్‌పిట్ ఎక్కి సంఘానికి ఎలా చెప్పను? అది చెప్పకుండా ఆ పుస్తకం ముట్టుకుంటే దొంగతనం. అందుకని మానేశాను."

మరి ఆమెకే చెప్పొచ్చుగా అన్నాను. "తేదీ రాసుకుంటే పశ్చాత్తాపపడ్డట్టే అనుకున్నాను" అన్నాడు.

అప్పుడు నాకు ఒళ్ళు మండిందక్కా. ఇన్నేళ్ళూ గౌరవంగా బావగారూ బావగారూ అని ఒంగి ఉన్నానా, ఆ రోజు అరిచాను. "పుస్తకంలో రాసుకుంటే పుస్తకానికి తెలుస్తుంది, మా అక్కకెలా తెలుస్తుంది? నీ పశ్చాత్తాపం నేను రబ్బరుతో తుడిస్తే పోయింది చూశావా, అంత గట్టిది!" అన్నాను. పక్కింటివాళ్ళు కిటికీ తీశారు. బావ ఎదురు చెప్పుంటే బాగుండేది.

హాస్టలు సంగతి తనే ఎత్తాడు. "ఆదివారం పదింటికిట. ఆ టైములో ఆరాధన" అన్నాడు. తెలుసన్నాను. "ఇరవయ్యారేళ్ళలో ఒక్క ఆదివారం మానలేదు. జ్వరంలో కూడా" అన్నాడు. అదీ తెలుసన్నాను. బస్సు టైమైంది, వచ్చేశాను. గడప దాకా వచ్చి, గుండీలు తప్పు పెట్టుకున్నానని అప్పుడు చూసుకున్నాడు పాపం.

నేను ఇందులో ఒక్క మాట కలపలేదు. కలిపేవాడినైతే, వస్తానన్నాడని రాసేవాడిని. అనలేదు.

తమ్ముడు


హాస్టలు, వార్డెను గది,
జూలై 29

చిన్నోడా,

నీ ఉత్తరం వచ్చాక నాలుగు ఆదివారాలు అయ్యాయి. మూడు ఆదివారాలూ పదింటి నుంచి పన్నెండింటి దాకా గేటు కనబడే కిటికీ దగ్గర కూర్చుని దుప్పట్లు లెక్కపెట్టాను. ఎన్నున్నాయో అడగకు, ఒక్కసారీ లెక్క కలవలేదు. మూడో ఆదివారం పన్నెండు కొట్టగానే నీ ఉత్తరాలన్నీ కట్టగట్టి పెట్టె అడుగున పడేశాను. ఇక అయిపోయిందనుకున్నాను.

మొన్న పదిన్నరకి వాచ్‌మన్ వచ్చాడు. "మేడం, ఎవరో పెద్దాయన. మీ ఇంటాయనంటున్నాడు. నిజమేనా?" అన్నాడు.

నిజమేనన్నాను. ఆ తర్వాత ఏం చేశానో చెప్తే నన్ను తిడతావు. వెళ్ళలేదురా. కూర్చోమను, పనుందని చెప్పు అన్నాను. పనేమీ లేదు. స్టోరు గదిలోకెళ్ళి బకెట్లు సర్దాను. సర్దినవే మళ్ళీ సర్దాను. ఇన్నేళ్ళు నేను నిలబడ్డాను కదా, ఒక్క గంట నిలబడితే కాళ్ళరిగిపోవు అనుకున్నాను. ఎంత తియ్యగా ఉందో ఆ ఆలోచన! బకెట్ల మధ్య నిలబడి కసిగా నవ్వుకున్నాను. ఉన్నట్టుండి గుర్తొచ్చింది. ఆ పాటలో అమ్మాయి కూడా ఇలాగే కదా ఆలస్యం చేసింది, తీసేసరికి అతను లేడు కదా. తట్టేవాళ్ళ బాధ నాకు తెలుసు గానీ లోపలివాళ్ళ సంగతి ఎప్పుడూ తెలీదు. లోపలున్నవాళ్ళకి చెడ్డతనం అక్కర్లేదురా, కొంచెం బద్ధకం, కొంచెం పంతం ఉంటే చాలు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. పిల్లలు వరండాలో గోడకి అంటుకుపోయి దారిచ్చారు.

ఉన్నారు. షెడ్డు కింద బల్ల మీద, ఒడిలో చేతులు పెట్టుకుని. ఇద్దరు ఆడపిల్లల తండ్రుల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. నన్ను చూసి లేచారు. నేనన్న మొదటి మాట, "ఆరాధన ఎవరు చేస్తున్నారు?"

"పెద్దలు చూసుకుంటామన్నారు" అన్నారు.

"వాళ్ళకేం చెప్పారు?"

"నా భార్యని చూడ్డానికి వెళ్తున్నానని చెప్పాను. పోయిన ఆదివారం, పుల్‌పిట్ మీద నుంచే." చెప్తుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఆ మిషను అమ్మాయి వెనక వరస నుంచి చప్పట్లు కొట్టింది. ఎవరూ కలవలేదు, పాపం ఒక్కతే కొట్టింది."

నేను నవ్వలేదు. నవ్వితే పరీక్ష చెడిపోతుందని. నేను అడగాల్సింది అడగాలి కదా. తేదీలు చెప్పండి అన్నాను. ఆయన అడగలేదు, ఏ తేదీలని. బల్ల అంచు పట్టుకుని చెప్పుకుపోయారు. అమ్మని పూడ్చిన రోజు. నాకు టీచరు ట్రైనింగు సీటొచ్చిన కాగితం పట్టుకుని గది ముందు నిలబడి, నిలబడి, చివరికి చింపేసుకున్న రోజు. కంటి ఆపరేషనుకి ఒక్కదాన్నే వెళ్ళిన రోజు. పదో పెళ్ళిరోజు. కొన్ని నేనే మర్చిపోయాను. నువ్వన్నట్టు ఎనిమిది. నీ మాట నమ్మనందుకు ఇక్కడే క్షమాపణ అడిగేస్తున్నాను, మళ్ళీ మళ్ళీ అడిగించుకోకు.

అయినా నా లోపల చల్లారలేదు. నేను ఎదురుచూస్తున్నది అందులో లేదు. మార్చి పందొమ్మిది లేదు. "ఇంకొకటుంది" అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని వెతుక్కున్నారు. "మన బిడ్డ పోయిన రోజా? ఆ రోజు నువ్వు నన్ను పిలవలేదు కదా. కబురు తెలిసి నేనే ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చాను" అన్నారు.

చెయ్యి రాదని నీకు రాసిన రోజు అదేరా. ఇప్పుడు వస్తోంది, రాస్తున్నాను. బిడ్డ పోయిందని నీకు తెలుసు. ఎలా పోయిందో తెలీదు. అయిదో నెల. మధ్యాహ్నం నొప్పి మొదలైంది. పొట్ట పట్టుకుని చర్చి పక్కగది దాకా నడిచాను. లోపల పెద్దలతో మీటింగు. తలుపు రెండుసార్లు కొట్టాను. నోట మాట రాలేదు, చెయ్యి మాత్రం ఆడింది. లోపల్నుంచి ఈయన గొంతు, "తర్వాత" అంది. వెనక్కి తిరిగి, రోడ్డు దాకా ఎలా నడిచానో తెలీదు, రిక్షా ఎక్కి ఒక్కదాన్నే వెళ్ళాను. పందొమ్మిదేళ్ళు ఆ ఒక్క మాట మోశాను. తట్టింది నేనని తెలిసే అన్నారని మోశాను.

అదంతా షెడ్డులో, ఆ తండ్రుల మధ్య చెప్పాను. గొంతు తగ్గించానో లేదో నాకు తెలీదు. వాళ్ళు మెల్లిగా లేచి పక్కకి వెళ్ళిపోయారు. మీ బావ నాకేసి తిరిగారు.

"అది నువ్వా?" అన్నారు. "పాటలు పాడేవాళ్ళు తాళంచెవి కోసం వచ్చారనుకున్నాను. అది నువ్వా?"

ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదురా, వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా. బల్ల వణికింది. ఓదార్చలేదు నేను, చేతులు రాలేదు. తెలీదు కాబట్టి తప్పు లేదని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. కళ్ళు తుడుచుకుని ఒక్కటే అడిగారు. "ఆ రోజు తలుపు తీస్తే ఏం అడుగుదామని వచ్చావు?"

పందొమ్మిదేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. ఏముంది, కాసేపు పక్కన కూర్చోమని అన్నాను. ఆయన జరిగి కూర్చున్నారు. భుజానికి భుజం తగిలింది, అంతే.

నేను ఇంటికెప్పుడొస్తానని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఈ ఏడాది పిల్లల పరీక్షలయ్యే దాకా కదలను, అది ఖాయం. ఆ తర్వాత సంగతి నాకే తెలీదు. సంఘపెద్దలు ఆయన్ని ఎన్ని ఆదివారాలు వదులుతారో అదీ తెలీదు.

వాచ్‌మన్ పన్నెండు కొట్టాడు. తండ్రులందరూ లేచి వెళ్ళారు. మా ముందుకొచ్చి, దగ్గి, "మేడం, టైమైంది. రూలు మీకు తెలీనిది కాదు" అన్నాడు. తెలుసయ్యా అన్నాను. గేటుకి నువ్వు తాళం వెయ్యకు, ఇవాళ నేను వేసుకుంటాను, ఆ చెవులిలా ఇచ్చి నువ్వెళ్ళి భోజనం చెయ్యి అన్నాను. వాడు గొణుక్కుంటూ ఇచ్చి వెళ్ళాడు. మేం ఒంటిగంటన్నర దాకా అక్కడే కూర్చున్నాం.

అక్క